లేని ఊరు

మొన్న టీవీలో ఒక పాత సినిమా వచ్చింది. ముఖాలకు నల్లరంగు పూసుకున్న మనుషులు, ఆఫ్రికా అడవి అంటూ, మంట చుట్టూ గంతులేస్తున్నారు. నేను టీవీ ఆపేశాను.

చిన్నప్పుడు నాన్నతో కలిసి ఆ సినిమా హనుమకొండలో చూశాను. మా పక్క సీట్లో, ఇంజనీరింగ్ కాలేజీలో చదివే ఆఫ్రికా విద్యార్థి ఒక్కడే కూర్చున్నాడు. ఆ గంతులకు హాలంతా ఈలలు, నవ్వులు. నేనూ నవ్వాను. తన ఊరు తెర మీద కనబడినందుకు ఆయన సంతోషిస్తున్నాడనుకున్నాను.

ఇంటర్వెల్‌లో అడిగాను. "అన్నా, గా సినిమాల చూపెట్టింది మీ ఊరేనా?"

ఆయన కొంచెం తెలుగు నేర్చుకున్నట్టున్నాడు. "కాదు చెల్లె. అట్లాంటి ఊరు ఎక్కడ లేదు," అని మెల్లగా చెప్పి, చేతిలోని పల్లీల పొట్లం నాకిచ్చి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"నాన్నా, ఆ అన్న ఎందుకు పోయిండు?"

"ఏమో బిడ్డా, ఏదన్న పనుండొచ్చు. నువ్వు సినిమా చూడు."

తెర మీదికి మళ్లీ ఆ మనుషులు వచ్చారు. నాన్న పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎక్కడా లేని ఊరిని చూసి వీళ్లంతా ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. నాన్న పక్కనే ఉన్నా, నిండు హాల్లో నేనొక్కదాన్నే ఉన్నట్టనిపించింది.

సినిమా మొదటి సగమంతా ఆయన కూడా అలాగే, అంతమంది మధ్య ఒంటరిగా కూర్చుని ఉంటాడని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.