వెనక వైపు ఎవడు చూస్తాడు?

మా బాబాయి ముప్పయ్యేళ్లుగా ఒక ఆర్కిటెక్టు దగ్గర ప్లాన్లు గీస్తున్నాడు. ఎలివేషన్, అంటే భవనానికి ముందు ముఖం, గీయడంలో చెయ్యి తిరిగినవాడు. వెనక గోడ కోసం మాత్రం ఒక్కనాడూ పెన్సిలు చెక్కలేదు. పైపులు, బాత్‌రూం కిటికీలు అన్నీ అటు నెట్టేసి, "వెనక వైపు ఎవడు చూస్తాడు?" అనేవాడు. రోజుకోసారైనా ఆ మాట అనకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు.

ఊళ్లో కళాభవనం కట్టాలని కమిటీ పెద్దలకు బుద్ధి పుట్టింది. ఊరి చివరి కొండను ఎందరో చిత్రకారులు బొమ్మలుగా వేశారు కనుక, ఆ బొమ్మల్ని చూసి ఎలివేషన్ చేయాలన్నారు. ఆ పెద్దల్లో ఒక్కరూ ఆ కొండ ఎక్కిన పాపాన పోలేదు. బాబాయి మాత్రం పది రోజులు బొమ్మల ముందు కూర్చుని, కొండ వంపుల్ని రాతి పలకల్లోకి, పొద్దుటి ఎండను రాగిరంగు రేకుల్లోకి దించాడు. అద్భుతంగా కుదిరింది. ఒకరిని మెచ్చుకోవడం నాకంత సులువుగా రాదు, అయినా చెబుతున్నాను.

చిక్కల్లా స్థలంతోనే. భవనం లేచేది బాబాయి ఇంటికీ కొండకీ మధ్యన, వీపు ఇంటివైపు పెట్టి. మోకాళ్ల నొప్పులతో మేడ దిగలేని పిన్నికి వంటింటి కిటికీలోంచి కనబడే ఆ కొండే లోకం. కూరలు తరుగుతూ దానితో కబుర్లు చెప్పేది.

బాబాయి ధైర్యం కూడగట్టుకుని ఆర్కిటెక్టును అడిగాడు.

"సార్, ఒక్క అంతస్తు తగ్గిస్తే వెనక ఇళ్లవాళ్లకి కొండ కనబడుతుందండీ."

"అదేంటయ్యా! కొండ కనబడాలనేగా ఎలివేషన్ మీద కొండ పెట్టాం. వీధిలోకొచ్చి చూసుకోమను."

బాబాయి వెళ్లి మిగతా షీట్లు గీశాడు. వెనక గోడ దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే నడిచిపోయింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దలు ఒకరినొకరు తనివితీరా పొగుడుకున్నారు. కొండ అందాన్ని ఊరికి దక్కించామని ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. గీసినవాడెవరో ఎవరికీ గుర్తు రాలేదు. అయినా బాబాయి ఉబ్బితబ్బిబ్బవుతూ ఇంటికి వచ్చాడు. వెంట నేనూ ఉన్నాను.

"ఏమేవ్, ఒకటే మెచ్చుకోళ్లనుకో! కొండే దిగొచ్చి వీధిలో నిలబడ్డట్టుందట!"

పిన్ని కిటికీ దగ్గరే కూర్చుంది. ఎదురుగా ఐదంతస్తుల బోసి గోడ, పదహారు పైపులు, వరసగా బాత్‌రూం కిటికీలు. ఒక పైపు అప్పుడే కారుతోంది.

"వెనక వైపు ఎవడు చూస్తాడు అనేవారుగా," అంది పిన్ని, తల తిప్పకుండా. "నేను చూస్తానండీ. రోజూ."

బాబాయి కిటికీ మూయబోయాడు. పిన్ని మూయనివ్వలేదు.