మైనస్ ఆరు డిగ్రీల్లో నేను కడిగిన వాకిలి

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా తెలివితేటల కథ. ఇందులో ఒక కారు పొదలో దూరుతుంది, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మూడుసార్లు కూలబడతాడు, ఒక డాక్టరమ్మ ఏడాదంతా ఎదురుచూసిన ఒక్క సెలవు రోజు తెల్లారేసరికి నీళ్లపాలవుతుంది. ఆ నీళ్లు పోసింది నేనే. ఎవరి ఎముకలూ విరగలేదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రావడానికి కాస్త టైము పట్టింది.

అప్పటికి నేను ఇంగ్లండులోని స్లౌ అనే ఊళ్లో ఉద్యోగానికి చేరి మూడేళ్లు. నా పేరు పద్మ, మాది తెనాలి. మా ఇంట్లో ఆడపిల్ల కాలేజీలో ఏం చదివినా ఎవరూ పట్టించుకోరు గానీ, పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గెయ్యకపోతే మాత్రం వీధి వీధంతా పలకరిస్తుంది. అలాంటిదాన్ని తీసుకొచ్చి మూడో అంతస్తు ఫ్లాట్‌లో పడేశారు. తలుపు తీస్తే వాకిలి ఉండదు, బూడిదరంగు కార్పెట్ పరిచిన నడవా ఉంటుంది. ఒక ధనుర్మాసంలో ఆశ చావక గుమ్మం ముందు సుద్దముక్కతో చిన్న పద్మం వేశాను. మర్నాడు బిల్డింగ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, కార్పెట్ మీద పిల్లలు గీతలు గీయకుండా చూసుకోమని. ఇంట్లో పిల్లలెవరూ లేరు, నేనే ఉన్నాను. అమ్మ మాత్రం వీడియో కాల్‌లో రోజూ అడుగుతూనే ఉండేది, వాకిట్లో నీళ్లు చల్లావా అని. చల్లడానికి వాకిలేదీ అని నేను మూడేళ్లుగా విసుక్కుంటూనే ఉన్నాను.

ఇక నా స్నేహితులు. ఓబులేసుది అనంతపురం, మా ఆఫీసే. కారు ఉంది కాబట్టి మా అందరికీ అతనే పెద్దదిక్కు. శ్రావణిది వరంగల్, కోవెంట్రీ ఆస్పత్రిలో డాక్టరు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ముగ్గురం స్లౌలో ఒకే ఇంట్లో గదులు అద్దెకు తీసుకున్నాం. ఒకే స్టవ్ మీద వంతులేసుకుని వండుకున్న స్నేహం మాది. అలాంటి స్నేహాలు అంత తేలిగ్గా తెగవు. ఈ ఒక్క నమ్మకంతోనే ఆ రోజు నేను బతికి బట్టకట్టాను.

శ్రావణికి ఒకటే కోరిక. మంచు కొండ మీంచి జారాలి, అంతే. మూడేళ్లలో తను మంచు చూసిందల్లా వార్డు కిటికీ లోంచి. డ్యూటీ దిగి బయటికొచ్చేసరికి అది కరిగి బురదయిపోయేది. ఆ ఏడాది క్రిస్మస్ ముందు నలుగురితో డ్యూటీలు మార్చుకుని, ఆ డ్యూటీల పట్టిక రాసేవాళ్లని బతిమాలి, మూడు రోజుల సెలవు సంపాదించింది. స్కాట్లాండు కొండల్లోకి వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, మధ్యలో జారడానికి ఒక రోజు. ఆ మధ్య రోజు పొద్దున పది గంటలకి, కొత్తవాళ్లకి స్కీయింగ్ నేర్పే క్లాసులో ముగ్గురికీ బుక్ చేసింది. కొత్త సంవత్సరం దాకా అదొక్కటే ఖాళీ. దానికోసం ఎర్ర ఉన్ని టోపీ కొనుక్కుని, కారులో పది గంటల సేపు తలమీంచి తీయలేదు.

మేం దిగిన కాటేజీ ఒక వాలు మీద ఉంది. ఇంటి ముందు నుంచి కిందనున్న పొలం గేటు దాకా నల్లరాతి పలకలు పరిచిన దారి, కారు పైకీ కిందికీ వెళ్లేందుకు. యజమానురాలు మార్గరెట్ గారు పక్కింట్లోనే ఉంటారు. డెబ్భై దాటిన మనిషి. మేం వస్తున్నామని ఆ దారి మీదున్న మంచునంతా పారతో ఎత్తి పక్కన గుట్టలుగా పోయించారు. చుట్టూ తెల్లటి లోకం, మధ్యలో పొడిగా, శుభ్రంగా, నల్లగా మెరుస్తున్న రాతి వాకిలి. చూడగానే నా చేతులు దురద పెట్టాయి.

మర్నాడు ఏడింటికే మెలకువ వచ్చింది. మిగతా ఇద్దరూ నిద్రలో ఉన్నారు. తలుపు తీస్తే ఇంకా చీకటే, గుమ్మం లైటు వెలుగులో ఆ వాకిలి నన్నే చూస్తోంది. ధనుర్మాసం, పొద్దున్న వేళ, మూడేళ్ల తర్వాత ఒక సొంత వాకిలి, అదీ ఊడ్చి సిద్ధంగా ఉన్నది. ఫోన్‌లో మైనస్ ఆరు అని చూపిస్తూనే ఉంది. సున్నా దగ్గర నీళ్లు గడ్డకడతాయని నాకు తెలియదా అంటే, తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కానీ అది పరీక్షలో నీళ్ల సంగతి, ఇవి వాకిట్లో నీళ్లు. ఈ రెండూ ఒకటేనని ఆ క్షణంలో నా బుర్రకి తట్టలేదు.

వంటింట్లో ఇల్లు తుడిచే బకెట్ దొరికింది. చేతులు కొంకర్లు పోతాయని గోరువెచ్చటి నీళ్లు పట్టాను. ఒకటి కాదు, ఐదు బకెట్లు పోశాను. గుమ్మం దగ్గర పోస్తే నీళ్లు వాలు వెంట గేటు దాకా జలజలా పారుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత అట్లకని తెచ్చిన బియ్యప్పిండి తీసి, చుక్కలు పెట్టి, ఎనిమిది రేకుల పద్మం వేశాను. ఫోటో తీసి అమ్మకి పంపాను. ఇప్పటికి నువ్వు అక్కడ కుదురుకున్నట్టుందే అని అమ్మ జవాబిచ్చింది. నా గొప్పతనానికి నేనే మురిసిపోతూ లోపలికెళ్లి ఉప్మాకి ఉల్లిపాయలు తరిగాను.

ఎనిమిదిన్నరకి నా ముగ్గు ఇంకోసారి చూసుకుందామని తలుపు తీసి ఒక అడుగు వేశాను. రెండో అడుగు నేను వేయలేదు, దానంతట అదే వెళ్లింది. తలుపు గొళ్లెం పట్టుకుని వేలాడుతూ కిందికి చూశాను. గుమ్మం నుంచి గేటు దాకా దారి మొత్తం అద్దం. నా ఐదు బకెట్లూ ఎక్కడికీ పోలేదు, అక్కడే పడుకుని ఉన్నాయి.

ఇక్కడ ఆగి స్నేహితుల్ని నిద్రలేపి నిజం చెప్పేసుంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ నేను ఇంజనీర్ని కదా, సమస్య పరిష్కరించాలి. కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి వాలు మీద పోశాను. పొగలు వచ్చాయి, ఐసు కాస్త కరిగింది, నాకు ధైర్యమొచ్చింది. ఇంకో రెండు కెటిళ్లు పోశాను. ఆ కరిగిందంతా కిందికి పారి, కాస్త గరుకుగా మిగిలిన నాలుగు చోట్లని కూడా చక్కగా నున్నగా చేసి గడ్డకట్టింది. అప్పుడు నేను రెండో నిర్ణయం తీసుకున్నాను. ఏమీ ఎరగనట్టు ఉండాలని.

తొమ్మిదింటికి ఓబులేసు ఉప్మా తిని, కారు వేడెక్కిస్తానని బయటికెళ్లాడు. మొదటిసారి కూలబడిన చప్పుడు లోపలికి వినిపించి నేను గుమ్మంలోకి వెళ్లాను. లేచి రెండోసారి కూలబడ్డాడు. మనిషి పట్టుదలని నిజంగా మెచ్చుకోవాలి, మూడోసారి కూలబడి, పాకుతూ వెళ్లి కారెక్కాడు. బ్రేకు వదిలాడో లేదో, కారు ఇంజను సాయం అవసరం లేనట్టు నెమ్మదిగా పక్కకి తిరిగి, హుందాగా జారుకుంటూ వెళ్లి, కిందనున్న మంచు గుట్టలో సగం, పొదలో సగం దూరి ఆగింది. కారుకి గీత పడలేదు. ఓబులేసు కిటికీ లోంచి తల బయటపెట్టి నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

చప్పుడుకి మార్గరెట్ గారు కోటు తొడుక్కుంటూ వచ్చారు. తన గడప దగ్గర మెత్తటి పొడి మంచు, మా గడప దగ్గర అద్దం. ఆమె అటూ ఇటూ చూసి, వింతగా ఉందే అన్నారు. నేను వెంటనే అందుకుని, రాత్రి వాన పడినట్టుందండీ అన్నాను. మా ఇంటి ముందు మాత్రమే పడిందా అని ఆమె మర్యాదగానే అడిగారు. కొండ ప్రాంతం కదా, ఎలాగైనా పడుతుందని చెప్పాను. నా నోటికి ఆ పూట సిగ్గు లేదు.

ఈలోగా ఓబులేసు పొద పట్టుకుని, గడ్డి పట్టుకుని పైకొచ్చాడు. గుమ్మం ముందుకొచ్చి కిందికి వంగి చాలాసేపు చూశాడు. ఐసు గడ్డకడుతూ నా బియ్యప్పిండిని తనలోకి లాక్కుంది. ఎనిమిది రేకులూ, చుక్కలతో సహా, పటం కట్టించినట్టు భద్రంగా ఉన్నాయి.

"పద్మా, వాన పడిందంటివి, సరే," అన్నాడు ఓబులేసు. "వానకి ముగ్గేసేది గూడా వస్తాదా?"

నా వెనక గుమ్మంలో శ్రావణి నిలబడి ఉంది. ఎర్ర టోపీ, కొత్త చేతి తొడుగులు, భుజాన సంచీ, అన్నీ సిద్ధం. ఇదంతా నువ్వేనా అని అడిగింది. తలూపాను. మార్గరెట్ గారు ట్రాక్టర్ ఉన్న పక్క పొలం ఆయనకి ఫోన్ చేశారు. మధ్యాహ్నం దాకా రాలేనన్నాడాయన. శ్రావణి స్కీయింగ్ వాళ్లకి ఫోన్ చేసింది. పది దాటాక వస్తే కుదరదనీ, వేరే క్లాసు లేదనీ వాళ్లు చెప్పారు. ఫోన్ సంచీలో పెట్టేసి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. తను తిట్టుంటే బాగుండేది.

"నాకు ఉన్నదే ఒక్క దినం," అంది మెల్లగా. "గా ఒక్క దినాన్ని బకెట్ల పోసి కడిగేసినవ్ గదనే."

ఇప్పటిదాకా నవ్వుతూ చెప్పాను గానీ, ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ మూడు రోజుల కోసం తను ఎంతమందిని బతిమాలిందో నాకు తెలుసు. పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. తను ఇటు తిరగలేదు. టోపీ మాత్రం తీయలేదు.

మార్గరెట్ గారు ముగ్గు చుట్టూ జాగ్రత్తగా తిరిగి, ఇది ఏమిటని అడిగారు. చెప్పక తప్పలేదు. మా ఊళ్లో పొద్దున్నే ఇంటి ముందు నీళ్లు పోసి కడుగుతామనీ, ఇలా గీస్తామనీ, మంచి లోపలికి రావాలని మా నమ్మకమనీ ఇంగ్లీషులో వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నారు.

"మంచి లోపలికి రావడం బాగానే ఉంది," అన్నారు. "మరి మనుషులు బయటికి వెళ్లేదెలా?"

అని ఒక నవ్వు నవ్వారు చూడండి, కోటు గుండీ ఊడిందేమో అనుకున్నాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, చిన్నప్పుడు తనూ తమ్ముడూ ఇదే వాలు మీద దొంగతనంగా నీళ్లు పోసేవాళ్లమని చెప్పారు. స్లెడ్జి, అంటే మంచు మీద జారే చెక్కబండి, వేగంగా పోవాలని. పోసినప్పుడల్లా వాళ్లమ్మ చేతిలో దెబ్బలు తిన్నారట. అరవై ఏళ్లయింది, ఇంత చక్కగా ఎవరూ పోయలేదు, అడుగు నుంచి పై దాకా ఎక్కడా వదల్లేదు అని నా పనితనాన్ని మెచ్చుకున్నారు. తర్వాత ఇంటికెళ్లి, తాడు కట్టిన పాత చెక్క స్లెడ్జి ఒకటి ఈడ్చుకొచ్చారు. కిందనున్న పొలం గేటు బార్లా తెరిపించారు. ఆ గేటు అవతల మోకాలి లోతు మెత్తటి మంచు.

శ్రావణి ముందు వద్దంది. మార్గరెట్ గారు వినలేదు, చేయి పట్టుకుని లేపి కూర్చోబెట్టారు. ముగ్గు తొక్కకుండా పక్క నుంచి వెళ్లమని చెప్పి, వీపు మీద ఒక్క తోపు తోశారు. ఎర్ర టోపీ సర్రున కిందికి పోయింది. కారు పక్క నుంచి, గేటు మధ్య నుంచి దూసుకెళ్లి, పొలంలో ఎక్కడో మంచులో మాయమైంది. ఒక నిమిషం చప్పుడు లేదు. అంతలో ఆ మంచులోంచి నవ్వు వినిపించింది. మూడేళ్లుగా ఆ నవ్వు నేను వినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

గడ్డి పట్టుకుని పైకెక్కి వచ్చి, నా వంక చూడకుండానే మళ్లీ కూర్చుంది. నాలుగోసారి ఎక్కేటప్పుడు నా చేయి పట్టుకుంది. ఇరవై దాకా లెక్కపెట్టి నేను మానేశాను. ఓబులేసు ఈసారి ఇష్టపూర్వకంగా కూలబడుతూ పదిసార్లు జారాడు. వంటింట్లోని బేకింగ్ ట్రే మీద కూర్చుని నేనూ జారాను. మధ్యాహ్నం వచ్చిన ట్రాక్టరాయన కారుని పొదలోంచి లాగి, ఎవరూ అడగకుండానే తనూ రెండుసార్లు జారి వెళ్లాడు. ఆ రోజంతా మాకు ఆకలి గుర్తుకు రాలేదు.

మూడింటికి పొద్దు వాలింది. జారి జారి ఐసు అరిగిపోయి, అక్కడక్కడా నల్లరాయి బయటపడింది. స్లెడ్జి మధ్యలోనే ఆగిపోతోంది. శ్రావణి దిగి, ఎర్రబడిన ముక్కుతో, చాలా గంభీరంగా నా దగ్గరికొచ్చింది.

"పద్మా, ఇంకో రెండు బకెట్లు వొయ్యే."

నా వల్ల కాదన్నాను. జన్మలో బకెట్ ముట్టనని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నానని చెప్పాను.

"డాక్టర్ని చెప్తున్న," అంది. "వొయ్యి."

పోశాను. మొదటి బకెట్ నేను మోశాను, రెండోది మార్గరెట్ గారు మోశారు.

అందుచేత పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట కుడిచేయి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఈ దేశంలో నవంబరు మొదలు మార్చి వరకు, నా వాకిట్లో గానీ పరుల వాకిట్లో గానీ, చెంబెడు నీళ్లయినా ఒలకబోయను. డాక్టరు రాసిస్తే తప్ప.