గాజుల బొమ్మ క్యాసెట్టు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా పక్కింటి చాచా కూతురు హైదరాబాదు నుంచి వచ్చి, మా వరండాలో ఒక రేకుపెట్టె దించి, దాని పక్కనే ఆయాసపడుతూ కూర్చుంది. పెట్టె నిండా పాటల క్యాసెట్టులు. చాచా పోయి నలభై రోజులు నిండాయి, ఫాతెహా చదివించడం అయిపోయింది, ఇల్లు సర్దుతున్నారు, ఈ పెట్టె మాత్రం నాకే ఇవ్వాలని ఆయన గట్టిగా చెప్పి పోయాడట. అంతవరకు బాగానే ఉంది. మా ఆవిడ ఇచ్చిన టీ రెండు గుక్కలు తాగి ఆ పిల్ల ఒక మాట అడిగింది.

"అన్నా, న్యాల్‌కల్ దిక్కు ఒక పాటలు పాడే ఆంటీ ఉన్నదంట గదా, మా అమ్మీ సహేలీ. అబ్బా పోయిన ఖబర్ ఆమెకు చెప్పాలె. ఇల్లు మీకే ఎరికంట. జర తీస్కపోతరా?"

న్యాల్‌కల్‌లో అటువంటి ఆవిడ లేదు. ఉన్నదని చెప్పినవాణ్ణి నేను.

నన్నెరిగినవాళ్ళకు నా సంగతి కొత్త కాదు. గోదావరి జిల్లా నుంచి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి జహీరాబాదు వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. కొత్త బండిని మైదానంలో తిప్పి, ఇంజను చప్పుడు విని, ఎక్కడ ఏది వదులుగా ఉందో చెప్పడం నా పని. చెవి చేసే పనికి నోరు ఖాళీగా ఉంటుంది గనుక కథలు అల్లడం అలవాటయింది. ఒకసారి నేను సీట్లోనే నిద్రపోతే ట్రాక్టరు తనంతట తానే బీదరు కోట చుట్టి షిఫ్టు బెల్లుకు గేటు దగ్గరికి వచ్చి నిలబడిందని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాణ్ణి. వాళ్ళు నవ్వబోయేలోగా, దారిలో వెనక చక్రానికి గాలి కూడా కొట్టించుకుందని కలిపేవాణ్ణి. అక్కడ నవ్వు ఆగిపోయేది. పెద్ద అబద్ధానికి చిన్న వివరం ఒకటి తగిలిస్తే చాలు, మనిషి కాదనడానికి మొహమాటపడతాడు. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు, నేర్పకుండా ఉంటే బాగుండేది అనడానికి కూడా వీలు లేదు.

చాచా లారీలకు రంగులు వేసేవాడు. బొంబాయి రోడ్డు మీద ఆగిన లారీల వెనక పలకలకు నెమళ్ళు, పక్కలకు తామరపూలు, డ్రైవరు నెత్తిమీద దిష్టి తగలకుండా రెండు పెద్ద కళ్ళు. పని అయిపోయాక ఆయనకొక ముచ్చట ఉండేది. క్యాబిన్‌లోకి ఎక్కి, డ్రైవరుకు నచ్చిన క్యాసెట్టు ఏదో కనుక్కుని, అది ఇచ్చేదాకా దిగేవాడు కాదు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డ్రైవర్లు డబ్బాలు ఎప్పుడో పారేసి ఉత్త క్యాసెట్టులే అద్దం ముందు పడేసుకునేవారు. ఎండకూ చెమట చేతులకూ వాటిమీది పేర్లు చెరిగిపోయేవి. చాచా బ్రష్షుకు మిగిలిన రంగుతో వాటిమీద ఒక్కొక్క బొమ్మ వేసుకునేవాడు. ఇక ఆ ఆల్బమ్‌కు ఆ బొమ్మే పేరు.

కరోనా ఏడాదిలో ఫ్యాక్టరీకి తాళం పడింది, తెరిచాక కూడా షుగరు ఉన్న నావంటివాళ్ళను కొన్నాళ్ళు రావద్దన్నారు, రమ్మన్నాక నాకే జబ్బు తగిలి మళ్ళీ మేడమీది గదిలో పడ్డాను. ఫ్యాక్టరీకి తాళం పడడానికి నెల ముందే చాచీ పోయింది. చాచా ఒక్కడే వాకిట్లో కుర్చీ వేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆయన టేపురికార్డరుకు బెల్టు తెగింది, బజారులో దుకాణాలు లేవు. మా పెళ్ళినాటి టేపురికార్డరు మా అటక మీద ఉంది. దాన్ని దించి, హెడ్డును సెంటు అద్దిన దూదితో తుడిచి, ప్రహరీ మీద నుంచి విషయం చెప్పాను. మర్నాడు చాచా ఒక బుట్టలో క్యాసెట్టు పెట్టి గోడ మీద ఉంచాడు. మా ఆవిడ దాన్ని కూరగాయలతో పాటు పసుపు నీళ్ళలో వేయబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఆ రోజు నుంచి సాయంత్రం అసర్ నమాజు తరువాత నేను మేడమీద పాట పెట్టడం, ఆయన కింద వాకిట్లో వినడం.

"జర సప్పుడు పెంచు భాయ్, గోడ గూడ వినాలె," అనేవాడు కింది నుంచి.

అప్పటిదాకా నాకు సినిమా పాట తప్ప మరొకటి తెలియదు. ఆ ఏడాది నాకు దొరికిన ఆల్బమ్‌లు ఇప్పటికీ బొమ్మలుగానే గుర్తు. నెమలి అంటే కన్నడ తత్వాలు. ముసలాయన ఒకడు ఏకతారతో పాడతాడు, మూడో పాట మధ్యలో ఎవరిదో కోడి కూస్తుంది, ఆయన ఆగడు సరికదా కోడికి శ్రుతి కలుపుతాడు. నిమ్మకాయ మిరపకాయల బొమ్మ మరాఠీ భజన. మొదట నిద్రపుచ్చేటట్టు మొదలై చివరికి తాళాల వేగానికి మా నీళ్ళ డ్రమ్ము మూత లేచి పక్కన కూర్చునేది (మీరు నమ్మకపోయినా సరే). రెండు కళ్ళ బొమ్మ ఖవ్వాలీ. మొదటి వైపు టేపు సరిగ్గా చరణం మధ్యలో అయిపోతుంది, మిగతాది రికార్డు చేసినవాడికే తెలియాలి. అక్కడికి రాగానే కింద నుంచి చాచా గొంతెత్తి ఆ చరణాన్ని తనే పూర్తి చేసేవాడు. జ్వరం వచ్చిన వారంలో కూడా నేను ఆ కాస్త కోసం ఆ వైపే పెట్టేవాణ్ణి.

గాజుల బొమ్మ క్యాసెట్టు చాలా ఆలస్యంగా వచ్చింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఢోలక్ చుట్టూ కూర్చుని పెళ్ళికొడుకు చుట్టాలను ఆటపట్టిస్తూ పాడే పాటలు. ఉర్దూలో మొదలై మధ్యలో తెలుగు మాట, కన్నడం మాట దొర్లుతాయి. ముందుండి పాడే ఆవిడది కొంచెం బొంగురు గొంతు, చరణానికీ చరణానికీ నడుమ నవ్వు ఆపుకోలేదు. దెబ్బ వేసినప్పుడల్లా గాజులు ఢోలక్ అంచుకు తగిలి మోగుతాయి. నా చెవి ఇంజన్లు విన్న చెవి కదా, ఆ మోత ఒక చేతిదే అని పట్టేసింది. పాట అయిపోయాక కింద చాచా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేకో, అంత మంచి గొంతును ఊరికే వదలలేకో, నేను మేడ పిట్టగోడ మీదికి వంగి అనేశాను, ఈవిడను నేను చూశాను చాచా, రెండేళ్ళ కిందట న్యాల్‌కల్‌లో పొలంలో ట్రాక్టరు చూపించడానికి పోతే అల్లం చేలో కలుపు తీస్తూ పాడుతోంది, ఇంజను తనంతట తానే ఆగిపోయింది అని. చిన్న వివరం కూడా తగిలించాను. ఒక చేతికే గాజులు, ఆకుపచ్చవి.

చాచా లేచి నిలబడ్డాడు. "నువ్వు చూసినవా? నిజంగ?"

చూశానన్నాను.

మర్నాడు ఆయన బుట్టలో క్యాసెట్టు పెట్టలేదు. గోడకు అటువైపు నిలబడి, నెమ్మదిగా, నా మొహం చూడకుండా చెప్పాడు. ఆ గొంతు చాచీ స్నేహితురాలిది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పెళ్ళిళ్ళకు పాడేవారు. పాటలు రికార్డు చేస్తామని బీదరు నుంచి ఎవరో వస్తే చాచీకి అత్తవారింట్లో ఒప్పుకోలేదు, ఆవిడ ఒక్కతే పోయి పాడి వచ్చింది. తరువాత ఒక పెళ్ళిలో, నలుగురిలో, చాచీ ఆమెను పాట అమ్ముకున్నదానివి అని అనేసింది. ఆవిడ ఢోలక్ పక్కన పెట్టి లేచిపోయింది. ఆ తరువాత పెళ్ళయి బీదరు దిక్కు ఏదో ఊరికి పోయిందని విన్నారంతే. ఏళ్ళ తరువాత ఒక లారీలో ఈ క్యాసెట్టు దొరికితే చాచీ గొంతు గుర్తుపట్టి రెండు రోజులు అన్నం తినలేదట. పోయే ముందు ఆయన చెయ్యి పట్టుకుని చెప్పిందట, నా కహా సునా మాఫ్ చెయ్యమని ఆమెకు చెప్పు అని. నోరు జారిన మాటలకు క్షమాపణ అడగకుండా మనిషిని సాగనంపరు వాళ్ళు. చాచా వెతకడానికి బయలుదేరుదామనుకునేలోపు ఊళ్ళకు ఊళ్ళే మూతపడ్డాయి.

"అల్లా నిన్నే పంపిండు భాయ్," అన్నాడు. "ఆమెకు ఎట్లన్న ఖబర్ చెయ్యి."

అప్పుడు చెప్పవలసింది. ఒక్క నిమిషం పని. మధ్యలో గోడ ఉంది, ఆయన నన్ను కొట్టేది కూడా లేదు. ఆ ఊరి మెకానిక్ నాకు తెలుసు, ఫోను చేయిస్తానన్నాను. ఆ తరువాత ప్రతి సాయంత్రం పాటకు ముందు ఒకటే ప్రశ్న, "మాట్లాడినవా?" రోజుకొక సాకు చెప్పాను. సిగ్నల్ లేదన్నాను, మెకానిక్‌కు జ్వరమన్నాను, ఆయన వెంటనే వాకిట్లో చేతులెత్తి ఆ లేని జ్వరానికి దువా చేశాడు. పదో రోజో పన్నెండో రోజో ఇక తట్టుకోలేక, మాట్లాడాను చాచా, ఆవిడ ఏడ్చింది, మాఫ్ చేశానని చెప్పమంది అన్నాను. అలవాటు చొప్పున వివరం కూడా కలిపాను. ఆ పెళ్ళినాడు చాచీ ముక్కుపుడక ఎంతో బాగుందట, ఆ మాట చెప్పకుండానే వచ్చేశానని బాధపడిందని.

చాచా లోపలికి పోయి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, వాకిట్లో చాప పరిచి, నుదురు నేలకు ఆనించాడు. చాలాసేపు లేవలేదు. పైనుంచి ఆయన వీపు చూస్తూ నేను టేపురికార్డరు మూత తెరిచి మూస్తూ ఉండిపోయాను.

బస్సులు తిరగడం మొదలైన కొన్నాళ్ళకు ఒక పొద్దున మా ఆవిడ గేటు దగ్గర నుంచి కేకేసింది. "ఏవండీ, చాచా మూతికి గుడ్డ కట్టుకుని న్యాల్‌కల్ బస్సెక్కాడండీ. చేతిలో మిఠాయి డబ్బా కూడా ఉంది. మీరు తోడు పోవద్దూ?" నేను పోలేదు. ఆ వయసులో, ఆ జబ్బు కాలంలో, ఆ పెద్దమనిషి ఇల్లిల్లూ తిరిగి లేని మనిషిని అడుగుతూ ఉంటే నేను ఇంట్లో కూర్చుని అన్నంలో చెయ్యి పెట్టి తీశాను. సాయంత్రం ఎర్రబస్సు దిగి ఆయన మెల్లగా నడిచి వచ్చాడు. మా గేటు దగ్గర మా ఆవిడా నేనూ నిలబడి ఉన్నాం. డబ్బా చేతిలో లేదు.

"మిలీ భాయ్, దొరికింది," అన్నాడు. "చాయ్ తాపింది. ఒక్క చేతికే గాజులు, పచ్చయి, నువ్వు చెప్పినట్లే."

ఆయన నా కళ్ళలోకే చూస్తూ కొంచెం నవ్వి, "ఆమెకొక మేక ఉన్నది, బద్మాష్ మేక. మాట్లాడుతుంటె వెనక నుంచొచ్చి నా టోపీ అంత నమిలి పెట్టింది," అన్నాడు.

మా ఆవిడ పకపక నవ్వింది. టోపీ ఆయన తలమీదే ఉంది. తెల్లగా, ఇస్త్రీ మడత చెదరకుండా.

అప్పుడు తెలిసింది నాకు. జీవితంలో అబద్ధమాడి ఎరగని మనిషి, ఆ రోజంతా ఆ ఊళ్ళో తిరిగి నా సంగతి తెలుసుకుని, తిరుగు బస్సులో కూర్చుని నా పరువు కోసం నా పద్ధతిలోనే ఒక కథ అల్లుకుని వచ్చాడు, చిన్న వివరంతో సహా. మర్నాడు బుట్టలో నెమలి క్యాసెట్టు పెట్టాడు, ఏమీ జరగనట్టు. గాజుల బొమ్మ మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నేను అడగలేదు, ఆయన పెట్టలేదు.

దానికి ఆయన ఏమి పోగొట్టుకున్నాడో నాకు తరువాత తరువాత అర్థమైంది. దొరికిందని పైకి చెప్పేసిన మనిషి ఇక ఎవరిని పట్టుకుని వెతుకుతాడు? బీదరు దిక్కు వెళ్ళే లారీలు మన రోడ్డు మీద ఎన్నో, ఎందరు డ్రైవర్లు ఆయనకు తెలుసో. ఒక్కరినీ అడగలేకపోయాడు. అడిగితే నేను బయటపడతాను. ఆ తరువాత ఆయన ఇంకా నాలుగేళ్ళకు పైగా బతికాడు. రోజూ గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నాం. ప్రతి రోజూ చెబుదామనుకున్నాను, ఆయనకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు, ఇక చెప్పేదేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అన్ని కథలు చెప్పినవాడికి ఆ ఒక్క వాక్యం రాలేదు.

ఆ శుక్రవారం మా వరండాలో చాచా కూతురికి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఏ వివరమూ కలపలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. మేక దగ్గరికి వచ్చేసరికి ఈసారి ఆవిడ నవ్వలేదు. అన్నీ చెప్పి, వాళ్ళ మాటల్లోనే, నా కహా సునా మాఫ్ చెయ్యమ్మా అన్నాను.

ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టింది. పెట్టె మూత మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"నాకేం అన్నరు మీరు, నేను మాఫ్ చెయ్యనీకి?" అంది. "అబ్బా ఉన్నప్పుడు అడగాల్సింది." తరువాత, నన్ను కాదు, గోడ అవతల తాళం వేసిన ఇంటిని చూస్తూ అంది, "అయితే అమ్మీ మాట ఇంకా అట్లనే ఉన్నదన్నమాట."

అప్పటి నుంచి మూడు ఆదివారాలయింది. టేపురికార్డరు చంకన పెట్టుకుని, సరిహద్దు దాటి, బీదరు చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతున్నాను. రెండుసార్లు ఆ పిల్ల కూడా వచ్చింది. దారి పొడుగునా నాతో ఎక్కువ మాట్లాడలేదు. పెళ్ళి పందిరి కనబడిన చోటల్లా ఆగి, ముసలమ్మలను వెతికి, క్యాసెట్టు వినిపిస్తాం. ఒక పెద్దామె తొడ మీద దరువు వేస్తూ ఒక వైపంతా వింది. గొంతు గుర్తుపట్టిందేమోనని మేమిద్దరం ఆమె దగ్గరికి జరిగాం. "గీ పాటలు ఇప్పుడెవలు పాడుతున్రు బిడ్డా, అందరు డీజే పెడ్తున్రు," అని రెండో వైపు తిప్పమంది.

ఇప్పుడు ఫోనుకు పాట వినిపిస్తే పాడినవారి పేరు చెబుతుందట. మా ఆవిడ పట్టి చూసింది. దాని మీద గుండ్రటి గీత చాలాసేపు తిరిగి తిరిగి, తెలియలేదంది. లోకంలోని పాటలన్నీ ఎవరి చేతిలో వాళ్ళకున్నాయి, గోడ మీద బుట్ట పెట్టే పని లేదు, ఆగిపోయిన చరణాన్ని అవతల నుంచి పూర్తి చేసేవాళ్ళూ లేరు. రెండు కళ్ళ క్యాసెట్టు ఇప్పుడు నేను పెడితే ఆ చోట ఉత్త టేపు తిరిగిన చప్పుడే వినిపిస్తుంది.

పోయిన ఆదివారం ఒక ఊళ్ళో టీ కొట్టు దగ్గర నలుగురు చేరి విన్నారు. చాలా బాగుంది, ఎవరిదయ్యా ఈ గొంతు అని అడిగారు. నా నోటిచివర ఒక ఊరు పేరు, ఒక అల్లం చేను, ఆకుపచ్చ గాజులు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. తెలియదన్నాను.