హవాయి చెప్పు మిడత

ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం వచ్చారు. క్యాంపు మెస్సులో మొదలుపెడితే కూర చల్లారిపోతోందన్నారు. సెలవుకి ఇంటికి వెళ్లినప్పుడు మొదలుపెడితే మా బావమరిది నా ముఖం మీదే టీవీ పెట్టాడు (ఏ సీరియలో కూడా నాకు గుర్తుంది). అందుకే ఈసారి రాస్తున్నాను, కాగితం మధ్యలో లేచి వెళ్లిపోదు కదా. సౌదీకి కొత్తగా వెళ్లిన ఆ రోజుల్లో మనిషికి భయమూ ఎక్కువే, గొప్పలూ ఎక్కువే. నాకు మరీనూ. ధహ్రాన్‌లో ఒక కాంపౌండ్‌లో ఏసీ మెకానిక్‌గా చేరాను. విల్లాల డాబాల మీద, రెంచి పట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో, యూనిట్లు విప్పి బిగించడం నా పని. ఇంతలో కింద వర్క్‌షాపులో, చల్లటి గదిలో కూర్చుని మోటార్లు బాగుచేసే కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఆ వేసవిలో నాకు ఆ కుర్చీ తప్ప వేరే కోరిక లేదు. పెళ్లి కూడా దాని తర్వాతే అనుకున్నాను.

ఆ కుర్చీ ఎవరికివ్వాలో తేల్చేది ఒక తెల్లాయన. మేం ఆయన్ని చేపల సార్ అనేవాళ్లం. ఏటా వాళ్ల దేశం వెళ్లి, కొండవాగుల్లో ట్రౌట్ అనే చేపను గాలంతో పడతాడు. వానపాము గుచ్చి పట్టడం ఆయనకు నామోషీ. గాలపు కొక్కేనికి ఫోముతో, దారంతో పురుగు బొమ్మ కట్టి నీళ్ల మీద తేలేస్తే, చేప దాన్ని నిజం పురుగనుకుని ఎగిరి మింగాలి. అదీ ఆయన సరదా. ఒక గురువారం ఆయన హాల్లో ఏసీ విప్పుతున్నాను. సార్ కుడిచేతికి కట్టుతో బల్ల ముందు దిగాలుగా కూర్చున్నాడు. బల్లకు బిగించిన, కొక్కేన్ని కదలకుండా పట్టే చిన్న వైస్‌లో ఖాళీ కొక్కెం ఉంది. శనివారం పొద్దున విమానం, గాలానికి మిడత బొమ్మ కట్టుకోవడానికి చెయ్యి లేదు. నేను నోరు మూసుకుని ఫిల్టరు కడుక్కోవచ్చు కదా! "సార్, ఐ టై. మై మదర్ బీడీ, ఐ థ్రెడ్. డైలీ థౌజండ్!" అన్నాను. (మా జగిత్యాల వైపు అమ్మ బీడీ చుడితే పిల్లలు దారం కడతారు, అది నిజమే. వెయ్యి అన్నది మాత్రం ఇంటిల్లిపాదీ లెక్క.) ఆయన ముఖం వెలిగిపోయింది. వైసు, దారం, రబ్బరు కాళ్లు, రెండు ఫోము ముక్కలు నా చేతిలో పెట్టి, ఫోన్‌లో మిడత బొమ్మ చూపించి, "దీనికి చేప పడితే ఆ కుర్చీ సంగతి మాట్లాడదాం" అన్నాడు.

శుక్రవారం గది తలుపేసుకుని కూర్చున్నాను. బీడీకి దారం ఎలా కడతాం? బిగించి లాగి తెంపుతాం. వదులైతే కంపెనీవాడు కట్టలు కట్టలు విసిరికొడతాడు. నేనూ అలాగే లాగాను. దారం ఫోమును కోసుకుంటూ అవతలికి వచ్చేసింది. రెండో ముక్కను ఇంకా జాగ్రత్తగా, అంటే ఇంకా గట్టిగా లాగాను. అదీ రెండు తునకలైంది. ఏసీ గదిలో ఒళ్లంతా చెమట. కుర్చీకి కాళ్లొచ్చి వెళ్లిపోతున్నట్టే ఉంది. అప్పుడు తలుపు పక్కన కనబడింది, నా గదిలోనే ఉండే కడప భాయ్ ఆకుపచ్చ హవాయి చెప్పు. (ఆయన చేపల సార్ కారు డ్రైవరు, నమాజుకు మంచి చెప్పులేసుకుని వెళ్లాడు.) మడమ దగ్గర బ్లేడుతో పలచగా కోశాను. ఈసారి దారం వదులుగా చుట్టి, పైన కొంచెం బిగించి, జిగురు చుక్క వేశాను. కాళ్లకు మోకాళ్ల దగ్గర ముడి వేశాను. తల మాత్రం నా వేళ్లు వాటంతట అవే గోటితో మడిచేశాయి, అచ్చం బీడీ మూతిలా. నీళ్ల మీద కనబడటానికి వీపున నారింజ రంగు ఫోము ముక్క పెట్టమన్నాడు సార్. మా ఊళ్లో ఏ మిడతా సేఫ్టీ జాకెట్ వేసుకోదు. పెట్టలేదు. ఇప్పటికీ అదే అంటాను.

భాయ్ నమాజు నుంచి వచ్చి వైసులోకి వంగి చూశాడు. "ఏందప్పా ఇది? చేపకు బీడీ తాపుతాండావా?"

"బీడీ కాదు భాయ్, మిడుత."

"అట్లయితే అగ్గిపెట్టె గూడా ఇచ్చి పంపు సారుకి." అంటూనే కిందికి చూశాడు. "ఒరేయ్, నా చెప్పుకు మడమ యాడ పాయ?"

"కోపం జెయ్యకు భాయ్. గిది నా కుర్చీ ముచ్చట."

"నీ కుర్చీకి నా కాలే దొరికిందా!"

తిట్టుకుంటూనే బకెట్లో నీళ్లు పట్టుకొచ్చాడు. అందులో వేయగానే మిడత పక్కకి ఒరిగింది. నా ప్రాణం పోయింది. భాయ్ ఉఫ్ అని ఊదితే లేచి నిలబడింది. "తేల్తాంది లేప్పా," అన్నాడు గర్వంగా, "ఎవరి చెప్పు మరి!"

మర్నాడు మిడతను భాయ్ చేతికే ఇచ్చి పంపాను. సార్‌ని విమానాశ్రయంలో దింపి వచ్చిన భాయ్‌ని మెట్ల మీదే పట్టుకున్నాను. "ఏమన్నడు భాయ్?"

"చూసి, 'ఇంట్రెస్టింగ్' అన్న్యాడు."

"అంటే మంచిగున్నట్టేనా?"

"నేను కారు గోడకు గుద్దినప్పుడు గూడా ఆయన అదే మాటన్న్యాడప్పా."

సార్ తిరిగొచ్చేదాకా డాబాల మీద ఎండ కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. వచ్చిన రోజు భాయ్‌ని అడిగితే, "కార్లో నిద్రపోయినాడు. లేపి చేప పడిందా అనమంటావా?" అన్నాడు. ఇక లాభం లేదని, ఏ కంప్లయింటూ లేకపోయినా ఏసీ చూసే వంకతో నేనే వెళ్లాను. సార్ తలుపు తీసి, "ఓ, నీ మిడత! అదో పెద్ద కథ. కూర్చో, చెప్తాను" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మాట్లాడుతూ తోటలోకి వెళ్లాడు. ఆయన సోఫా అంచున, గ్రీజు ప్యాంటుతో మరకవుతుందేమోనని సగం గాలిలోనే కూర్చుని చాలాసేపు ఎదురు చూశాను. ఆయన తోట గేటు నుంచి అటే మీటింగుకి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా "తర్వాత, తర్వాత". కొన్నాళ్లకి ఫోర్‌మన్ నన్ను పిలిచి, "కల్ సే వర్క్‌షాప్ మే బైఠో" (రేపట్నుంచి వర్క్‌షాపులో కూర్చో) అన్నాడు. ఎందుకని అడిగితే, "బైఠనా హై కి నహీ?" (కూర్చుంటావా లేదా) అని గుడ్లురిమాడు. సార్‌ని అడుగుదామంటే, ఆయన అంతకుముందు వారమే వేరే దేశానికి బదిలీ అయ్యాడు.

ఇప్పుడా వర్క్‌షాపంతా నా కిందే ఉంది. సోఫా అంచున గాల్లో కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నాకే నవ్వొస్తుంది, వాడి భుజం తట్టి సరిగ్గా కూర్చోరా అనాలనిపిస్తుంది. కానీ నవ్వు నవ్వే, ఫిర్యాదు ఫిర్యాదే. సార్, మీరే దేశంలో ఉన్నా, ఈ తెలుగు ఎవరైనా మీకు చదివి వినిపించాలి. చేప పడిందా, లేదా? పడినందుకు కుర్చీ ఇచ్చారా, పడకపోయినా జాలిపడి ఇచ్చారా? జాలి కుర్చీ అయితే నాకా ముక్క తెలియాలి. కూర్చోమన్నారు, ఇన్నేళ్లుగా కూర్చునే ఉన్నాను. చెప్పండి.