గడ్డి కింద ఉర్లగడ్డలు

నా నడుము వంగినా వంగకపోయినా నా స్తుతికి పాత్రుడైన దేవునికి మహిమ కలుగును గాక. విత్తనం ఎక్కడ పడిందో ఎరిగినవాడు ఆయనే, అది ఎప్పుడు ఫలించాలో తెలిసినవాడూ ఆయనే. అలసిన నోటితోనే చెబుతున్నాను, ఆయనకు స్తోత్రం.

నర్సుగా ఇరవై ఏళ్లు రోగులను ఎత్తి దించిన నడుముకు నిరుడు ఆపరేషన్ జరిగింది. బరువులెత్తొద్దు, పార పట్టొద్దు అన్నారు. మోకరించడం కూడా పోయింది, ఇప్పుడు కుర్చీలోనే ప్రార్థన. నిరుడు చర్చిలో కోత పండుగకు సూపర్‌మార్కెట్‌లో కొన్న కాలీఫ్లవర్ తెచ్చి బలిపీఠం ముందు పెట్టాను. దాని మీది ధర చీటీ తీయడం మర్చిపోయాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. మా అమ్మ ఏటా తన పెరటి కాపే తీసుకెళ్లేది. ఈసారి నా చేతులతో పెంచిందే అర్పిస్తానని మొక్కుకున్నాను.

కుందలహళ్ళిలో మా అద్దె ఇంటి వెనక ఇరుకు జాగా ఉంది, నేల రాయిలా ఉంటుంది. తవ్వలేను కాబట్టి, నేల మీదే అట్టపెట్టెలు విప్పి పరిచి తడిపాను. ఎరువు చల్లి, మొలకలొచ్చిన బంగాళాదుంపలను కర్రతో దూరదూరంగా దొర్లించాను. పండ్ల బండి అతనిచ్చిన ఎండుగడ్డి మందంగా కప్పాను.

మిద్దె మీద నుంచి ఓనరు వాళ్ల అవ్వ చూస్తోంది. వాళ్లు తరాల కిందటే ఈ కన్నడ సీమలో స్థిరపడిన తెలుగువాళ్లు.

"ఏం సిస్టరమ్మా, ఉర్లగడ్డలకి పరుపు వేసి దుప్పటి గూడా కప్పినావే!"

"తవ్వే ఓపిక లేదవ్వా."

"మీ దేవుడు ఆకాశం నుంచి రొట్టె దించినాడంట గదా. ఉర్లగడ్డలు గూడా దించమను, ఈ కష్టం ఉండదు."

నేనూ నవ్వాను.

ఆకులొచ్చాయి. ఇక డ్యూటీ నుంచి రాగానే కర్రతో గడ్డి పక్కకు తీసి చూసేదాన్ని. దుంపలు కొన్నాళ్లకు రేగుపండంత, తర్వాత నిమ్మకాయంత. పొద్దున చూసినా సాయంత్రం మళ్లీ చూడాలనిపించేది. మళ్లీ సరిగా కప్పేదాన్ని కాదు. చూడకుండా నమ్మడం గురించి సండే స్కూల్లో పిల్లలకు ఎన్నేళ్లు చెప్పానో.

పండుగ ముందు రోజు గడ్డి మొత్తం లాగేశాను. దుంపలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి; ఇన్నాళ్లూ సైజే చూశాను గానీ రంగు పట్టించుకోలేదు. అవ్వ దిగొచ్చి ఒకటి తిప్పి చూసింది.

"వెలుతురు తగిలితే ఇట్లే అవుతాది. చేదు, విషం. వండొద్దు. ఎన్ని తూర్లు తెరిచినావు?"

"రోజూ రెండుసార్లు."

"గుడ్ల మీద కోడి గూడా అన్ని తూర్లు లేవదప్పా!"

మనుషులు తినకూడనిది దేవుని ముందు ఎలా పెట్టను? మెట్టు మీద కూలబడ్డాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"ఈ తొట్టి ఎనక గూడా ఆకు ఉండాది, చూడలేదా?"

చూడలేదు. నాటిన రోజు కర్రతో దొర్లిస్తుంటే నీళ్ల తొట్టికీ గోడకీ మధ్యకు పోయిన దుంప అది, దాని మీదా కొంత గడ్డి పడింది. వంగితేగానీ కనిపించదు, అందుకే ఒక్కసారీ తెరవలేదు.

"నాకు ఎనబై ఏండ్లు, నేను వంగాల!" అంటూ అవ్వే గడ్డి తీసింది. లేత పసుపుగా, మట్టి కూడా అంటకుండా ఏడు దుంపలు.

మర్నాడు వాటిని బలిపీఠం ముందు, అందరూ తెచ్చిన గుమ్మడికాయల పక్కన పెట్టాను. ఎవరూ గమనించినట్టు లేదు. నా చేతులతో పెంచానని చెప్పుకోలేను, అవి నా చేయి అందనివి. మొక్కు తీరిందో లేదో ఆయనకే తెలుసు.

నొప్పి ఇంకా ఉంది. తగ్గిందేమోనని రోజూ పొద్దున్నే వంగి చూసుకుంటాను, మళ్లీ పట్టేస్తుంది. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో పాటు ప్రార్థించండి: ప్రభువా, నీవు కప్పి ఉంచినదాన్ని తెరవకుండా మా చేతులను ఆపుము. ఆమేన్.