గొట్టంలో గుడ్డముక్క

"ఎడమ గొట్టంలో నల్లగా వలయం ఉండాది. కాల్చొద్దంటే కాల్చొద్దు."

"అది దుమ్మమ్మా! తాత కాలంనుంచి కాలుతాండే తుపాకి, ఈపొద్దు కాలదా?" అన్నాడు నా కొడుకు ఓబులేసు.

"దుమ్మయితే కొంగుతో తుడిచేదాన్ని గదరా. లోపల ఇనుము ఉబ్బింది. దస్తగిరి చూపించినట్టే చూసినా."

"యా దస్తగిరి? గొట్టంలో గుడ్డ మరిచి తాతను చంపబోయినోడేనా? వాని మాట నమ్మి జొన్నచేను పందులకు వదిలేయమంటావా? గాల్లో ఒక్క దెబ్బ కొడితే పారిపోతాయి!"

చేతిలోని గొట్టాలనుంచి తుప్పూ పాత నూనే కలిసిన వాసన వస్తోంది. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో దస్తగిరి పేరు ఇలాగే పలుకుతున్నారు. ఆ మనిషి ఎవరో తెలియనివాళ్ళకు ముందు చెప్పాలి.

దస్తగిరి కర్నూలు పాతబస్తీలో తుపాకులు బాగుచేసేవాడు. ఏటా దసరాకు ముందు కోయిలకుంట్ల దగ్గర మా ఊరికి వచ్చి, మా మామ జంట గొట్టాల తుపాకిని చూసిపోయేవాడు. ముందు తూటా లేదని రెండుసార్లు చూసుకునేవాడు. గొట్టాలను చెక్కనుంచి విడదీసి, దారంతో దూలానికి వేలాడదీసి, నా దగ్గర గరిటె అడిగి దాని కట్టె పిడితో తట్టేవాడు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే రెండు గొట్టాల మధ్య అతుకు వదిలిందని లెక్క. కొత్త కోడలిని, అయినా నా నోరు ఊరుకోదు. భోజనం కోసమే పని సాగదీస్తున్నాడనుకొని, "నూనె పూసిస్తే సాలదా సాయిబూ? ఇంతసేపేంది?" అన్నాను.

ఆయన నవ్వాడు. "కుండ కొనేటప్పుడు తట్టి చూడవా కోడలమ్మా? అది పగిలితే నీళ్ళే పోతాయి. ఇది పగిలితే చెయ్యి పోతాది."

గొట్టాలను నా చేతుల్లో పెట్టి వాకిలి వెలుతురువైపు తిప్పాడు. "వెలుగు నీళ్ళ మాదిరి నున్నగా జారాల. యాడన్నా నల్లగా ఉంగరం మాదిరి ఆగితే, ఆడ ఉబ్బో సొట్టో ఉన్నట్టే. బయట వేలు పెట్టి తడుము."

"నేను మూడో తరగతే సదివినా."

"కన్నుండాది గదా, సాలు."

ఆ ఇంట్లో ఒక వస్తువు నా చేతికిచ్చి, నీకేం కనిపిస్తోందని అడిగిన మొదటి మనిషి ఆయనే.

మరో ఏడు ఆయన చూసిపోయిన తర్వాత, గోడకున్న తుపాకి మూతి దగ్గర కందిరీగ తిరుగుతుంటే చూశాను. లోపల మట్టిగూడు కడుతుందని, నా పాత ఆకుపచ్చ చీర చింపి, నూనెలో తడిపి, గొట్టంలోకి కనిపించకుండా కుక్కాను. మంచిపని చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆయుధపూజనాడు తుపాకికి కుంకుమ పెట్టి గాల్లో ఒకసారి పేల్చడం మా ఇంటి ఆచారం. ఊరంతా వాకిట్లో ఉంది. మామ తూటాలు నింపాడు. పూజకు వచ్చిన దస్తగిరి చెయ్యెత్తాడు.

"ఆగు రెడ్డీ. తూటాలు తియ్యి. ఒకసారి చూడాల."

"వారం కింద నువ్వే చూస్తివి గదప్పా! నీ కన్ను మీద నీకే నమ్మకం ల్యాదా?" అని మామ నవ్వుతూనే తీసి ఇచ్చాడు.

దస్తగిరి వెలుతురుకు పెట్టాడు. వెలుతురు రాలేదు. ఇనుప చువ్వ పెట్టి పొడిచాడు. నా చీరముక్క మామ కాళ్ళ దగ్గర పడింది. పేల్చి ఉంటే గొట్టం చీలి ఆయన ముఖానికే తగిలేది.

"ఎవరు పెట్టినారు దీన్ని?" మామ అరుపుకు పిల్లలు ఏడ్చారు.

దస్తగిరి గుడ్డను చూశాడు. నన్ను ఒక్కసారి చూశాడు. "నేనే రెడ్డీ. తుడిచి లోపలే మరిచిపోయినా."

మామ అందరిముందూ ఆయన్ను మెడపట్టి బయటికి నెట్టాడు. నేను స్తంభాన్ని పట్టుకొని నిలబడ్డాను. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఇంటివాళ్ళూ ఆయన చేతికి తుపాకి ఇవ్వలేదట. సైకిళ్ళు బాగుచేసుకొని బతికి, పోయాడని విన్నాను.

ఇదంతా ఓబులేసుకు చెప్పాను. వాడు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"ఆయప్పను మేమంతా తిడతాంటే, ఇన్నేండ్లూ వింటా కూసున్న్యావా అమ్మా?"

గొట్టాలను తీసుకొని వాకిట్లోకి వెళ్ళి, వెలుతురుకు పెట్టి చూశాడు. వలయం ఉన్నచోట బయట వేలితో తడిమాడు. వేలు ఆగింది. తూటాల పెట్టెకు తాళం వేశాడు.

మరుసటి ఉదయం మొదటి బస్సుకు ఇద్దరం కర్నూలు వెళ్ళాం. దస్తగిరి కూతురు పాతబస్తీలో వాళ్ళ పాత ఇంట్లోనే ఉంది. గుమ్మంలో నిలబడే నేను చెప్పిందంతా విన్నది.

"మా అమ్మ సచ్చేదాకా ఆ గుడ్డ గురించే మా అబ్బాను దెప్పింది. ఆయన ఒక్కనాడూ నీ పేరెత్తల్యా," అన్నది. నావైపు తిరిగి అడిగింది: "ఆపొద్దు నీకు నోరు ల్యాకుండెనా?"

"ఉండె," అన్నాను.

ఆమె మమ్మల్ని లోపలికి రమ్మనలేదు.