మూగమ్మ చదివిన రెండో భాగం

ఆ కుట్టుగదిలో ఆమెను అందరూ మూగమ్మ అనేవారు. నోరు లేక కాదు, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేలోగా ఆమె నోట పది మాటలు రాలితే ఆ రోజు గొప్ప. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మాని ఇంటిపని అందుకుంది. తల్లి లేచి తిరిగేసరికి తోటిపిల్లలంతా పైతరగతులకు వెళ్ళిపోయారు. తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవడానికి సిగ్గేసి, ఇక్కడ గుండీలు కుట్టే పనిలో చేరింది.

అలాంటిది మధ్యాహ్నం రెండు దాటితే ఆ గదిలో వినిపించేది ఆమె గొంతొక్కటే.

బడిపిల్లల చొక్కాలు కుట్టే గది అది. పొద్దుటిపూటంతా మిషన్లు దడదడలాడతాయి. మధ్యాహ్నం అంతా చేతిపని: గుండీలు, కాజాలు, అంచులు. ఆ వేళ చెవులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఒకరు నవల చదవాలి, చదివేవాళ్ళ వాటా గుండీలు మిగతావాళ్ళు పంచుకోవాలి. ఎవరు పెట్టారో తెలియదు కానీ అది అక్కడి కట్టుబాటు. ఇదివరకు చదివే ఆవిడ పని మానేసినప్పుడు, "ఈ పిల్లకి అక్షరాలొచ్చట" అని పుస్తకం తెచ్చి మూగమ్మ ఒళ్ళో పడేశారు. బెదురుతూనే మొదలుపెట్టింది. నాలుగు పేజీలు దాటేసరికి బెరుకు ఎటుపోయిందో పోయింది. అవి తన మాటలు కావు కదా, తప్పేదైనా ఉంటే రాసినవాళ్ళది. ఇంట్లో, వీధిలో, ఎక్కడా లేని గొంతు కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే వచ్చేది. ఆ కుర్చీ పోతే తనకిక గొంతే లేదని ఆమెకు బాగా తెలుసు.

వాళ్ళందరికీ ప్రాణమైన నవల ఒకటుంది. మూడువందల ఏళ్ళ కిందట చచ్చిపోయినా నెత్తురు తాగుతూ ఇంకా తిరిగే కోరల మనిషి ఒకడు. వాడు మనసుపడ్డది ఒక పళ్ళ డాక్టరమ్మ మీద.

"కోరలున్నవాడికి సరైన పిల్లే దొరికింది," అని ఇస్త్రీ పిన్ని నవ్విన నవ్వుకి ఆ రోజు ఒక కాలరు మాడింది.

ఆ కోరల మనిషికి ఒక నియమం. లోపలున్నవాళ్ళు రమ్మంటే తప్ప గడప దాటలేడు. వానలో తడుస్తూ తలుపు దగ్గర నిలబడి, "రావచ్చా?" అని అడిగేవాడు. డాక్టరమ్మ ఒక్కోసారి వద్దనేది. వాడు సరేనని వెనక్కి తిరిగేవాడు. ఆ పేజీ వచ్చినప్పుడల్లా అందరిలోకీ పెద్దదైన కాజాల అత్త సూది ఆపేసేది.

"మళ్ళీ చదవవే. అడిగాడా? వద్దంటే పోయాడా? నలభయ్యేళ్ళ కాపురంలో నన్నొక్కసారి అడిగినవాడు లేడు, తలుపు సంగతి దేవుడెరుగు, కనీసం కూరేం తెమ్మంటావని."

రెండో భాగం రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోపు డాక్టరమ్మ ఏంచేస్తుందో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. పుస్తకం అద్దె లైబ్రరీకి వచ్చిందని తెలిసిన రోజు కటింగ్ మాస్టరు భోజనం మధ్యలో లేచివెళ్ళి తెచ్చాడు. తనకు కథలంటే గిట్టదని పదిమందికీ చెప్పే మనిషి ఆయన.

మూగమ్మ ఎప్పటిలాగే ముందుగా చూసుకోకుండా చదవడం మొదలుపెట్టింది. మూడో అధ్యాయంలో డాక్టరమ్మ నిద్రపోతోంది. తలుపు దానంతటదే తెరుచుకుంది. వాడు అడగలేదు. లోపలికొచ్చి మంచం పక్కన నిలబడి తెల్లారేదాకా చూశాడు. 'నువ్వు నాకోసం పుట్టినదానివి. నాకు అనుమతితో పనేమిటి?' అని అచ్చులో ఉంది.

మూగమ్మ ఎదురుగా చూసింది. కాజాల అత్త సూది గాలిలో ఆపి, ముఖం విప్పార్చి ఎదురుచూస్తోంది.

"తలుపవతల ఆగాడు," అంది మూగమ్మ నోరు. "రావచ్చా, అని అడిగాడు."

అత్త హాయిగా నిట్టూర్చి సూది దించింది.

ఒక్క వాక్యమే కదా అనుకుంది మూగమ్మ. కానీ అడిగి వచ్చినవాడు ఆ తర్వాత పేజీలో ఆమె స్నేహితురాలి జ్ఞాపకాలు ఎలా తుడిచేస్తాడు? ఆమె మంచికేనంటూ గదికి తాళమెలా వేస్తాడు? అవీ మార్చాల్సొచ్చింది. పుస్తకంలో డాక్టరమ్మ క్లినిక్కే తెరవదు, కిటికీలోంచి చూస్తూ ఏడుస్తూ ఉంటుంది. మూగమ్మ ఆవిడ చేత రోజూ క్లినిక్కు తెరిపించింది, పళ్ళు పీకించింది, వాడితో పోట్లాడించింది. ఆగకుండా పేజీలు తిప్పుతూ, కళ్ళు అక్షరాల మీదే ఉంచి, తొమ్మిది రోజులు లేని కథ చదివింది.

"మొదటిదానికంటే ఇదే బావుంది," అన్నాడు కథలు గిట్టని మాస్టరు.

శనివారం సాయంత్రం, గదిలో అంచులు కుట్టే కొత్తకోడలు వచ్చి పుస్తకం కోసం చెయ్యి చాపింది. ఆ పిల్లకు పెళ్ళై నాలుగేళ్ళైనా ఆ పేరు పోలేదు. "అక్కా, జ్వరమొచ్చి రెండ్రోజులు వినలేదుగా. రేపు సెలవే, ఓసారి చూసిస్తాను."

కాదనడానికి మాట కావాలి. మూగమ్మ దగ్గర లేదు. ఇచ్చేసింది.

సోమవారం మిషన్లు ఆగగానే కొత్తకోడలు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇందులో వాడు తలుపు దగ్గర ఆగనే లేదు. స్నేహితురాలికి బుర్రలో ఏమీ లేకుండా తుడిచేశాడు. డాక్టరమ్మని ఇంట్లో పెట్టి తాళమేశాడు. నువ్వు చదివిందేంటక్కా మరి?"

అందరూ మూగమ్మ వైపు తిరిగారు. ఆమె చూపు నేల మీదున్న దారం ముక్కలకు అతుక్కుపోయింది.

"తొమ్మిది రోజులు మా చెవుల్లో పువ్వులు పెట్టావన్నమాట!" అంది ఇస్త్రీ పిన్ని. కోపమో నవ్వో తెలియని గొంతు.

కాజాల అత్త మాత్రం నవ్వలేదు. "ఎందుకే అలా చేశావు?"

"నువ్వు... నువ్వు బాధపడతావని, అత్తా."

"బాధపడతాను. రెండేళ్ళు ఎదురుచూస్తే ఇదా రాసింది అని రాసినవాళ్ళ వంశాన్నంతా తిడతాను. ఆ తిట్టుకునే సుఖం నాకెందుకు లేకుండా చేశావు? ఆ కోరలవాడు ఆ స్నేహితురాలికి ఏం గుర్తుండాలో తనే తేల్చాడు. మేమేం వినాలో నువ్వు తేల్చావు. తేడా ఏముంది చెప్పు? నీకు కోరలు లేవు, అంతేగా!"

ఆ మాట సూటిగా వెళ్ళి దిగింది. మూగమ్మ కుర్చీలోంచి లేచింది. ఇంకెవరైనా చదవమన్నట్టు బల్ల మీది పుస్తకాన్ని అత్త వైపు జరిపింది.

"ఎక్కడికి? కూర్చో," అంది అత్త. "మూడో అధ్యాయం తియ్యి. ఉన్నది ఉన్నట్టు చదువు."

చదివింది. మొదటి పేజీ దాటకముందే గదిలో గోల మొదలైంది.

"నిద్రపోయే మనిషిని అలా చూడ్డం ప్రేమా? మా వీధిలోనైతే చెప్పుచ్చుకునేవాళ్ళం," అంది అత్త.

"అంత ప్రేమ ఉంది కాబట్టే ఆగలేకపోయాడొదినా," అంది ఇస్త్రీ పిన్ని.

"మీ ఆయన తాళమేస్తే అదీ ప్రేమేనా, పిన్నీ?" అంది కొత్తకోడలు.

"మా ఆయనకి తాళంచెవి ఎక్కడుందో తెలిస్తేగా!"

"అది కాదమ్మా," అన్నాడు మాస్టరు ఉండబట్టలేక, "ఆ క్లినిక్కుకి వచ్చే రోగుల గతేంటి? ఒక్క ముక్కైనా రాయలేదే!"

ఆ వారమంతా అలాగే తిడుతూ చదివించుకున్నారు, తిడుతూ విన్నారు. శుక్రవారానికి చివరి పేజీ వచ్చింది. డాక్టరమ్మ వాడి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా క్షమించింది. పుస్తకం అయిపోయింది.

"పోనీలే పాపం," అంది ఇస్త్రీ పిన్ని. "మూడువందల ఏళ్ళ ఒంటరివాడు. క్షమించడమే న్యాయం. ఏమంటావే మూగమ్మా?"

ఇంతవరకూ ఎవరూ ఆమెను అలా అడగలేదు. పుస్తకంలో ఇక పేజీల్లేవు. అట్ట మీద వేలు ఆనించి చూసింది, అక్కడా సాయం దొరకలేదు. కాజాల అత్త సూదిలో దారం ఎక్కించే నెపంతో తల వంచుకుంది కానీ చెవి ఇటే ఉంది.

"కాదు పిన్నీ," అంది మూగమ్మ.

గొంతు సన్నగా వచ్చింది. చదివేటప్పటి గొంతు కాదది.

"వాడు చేసింది తప్పని ఒక్కసారి కూడా అనలేదు. అననివాడిని ఎలా క్షమిస్తాం?"

"ప్రేమించినవాడే కదే?" అని పిన్ని ఊరుకోలేదు.

"అయితే మాత్రం?" అంది మూగమ్మ. ఈసారి తలెత్తే అంది.